దిగుమతైన సైనిక రైఫిల్‌ను ఎంచుకోవడం: అమెరికాలో గురి సాధన చేసేవారికి సమగ్ర మార్గదర్శి

పాత సైనిక రైఫిల్ కొనడానికి వచ్చినవారిలో చాలామంది ముందు దాని మీది ముద్రలు చూస్తారు, ఆ తర్వాత ధర అడుగుతారు, బ్యారెల్ (తూటా బయటికి దూసుకుపోయే గొట్టం) లోపలికి చూడడం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాక గుర్తుకు వస్తుంది. నేను చెప్పబోయే క్రమం దీనికి తలకిందులు. మొదట తూటాను ఎంచుకోవాలి, తర్వాత బ్యారెల్‌ను, ఆ రెండూ కుదిరాకే రైఫిల్‌ను. ఎనభై ఏళ్ల నాటి ఆయుధం ఏ యుద్ధంలో పాల్గొన్నదన్న కథ ఎంత గొప్పదైనా, దానికి సరిపడే తూటా దొరకకపోతే అది గోడకు తగిలించుకునే వస్తువు. బ్యారెల్ చెడిపోయి ఉంటే, ఎంత మంచి తూటా వేసినా గురి కుదరదు.

ఈ వ్యాసం అమెరికాలో నివసిస్తూ, అక్కడి చట్టం ప్రకారం ఆయుధం కలిగి ఉండే అర్హత ఉండి, షూటింగ్ రేంజ్‌లో కాగితపు లక్ష్యాల మీద సాధన చేయాలనుకునే వారి కోసం. భారతదేశంలో సైనిక రైఫిళ్ల తూటాలు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి గనుక, అక్కడి పాఠకులు దీన్ని విషయ పరిజ్ఞానం కోసం మాత్రమే చదువుకోవాలి.

మొదటి మెట్టు: మీకు అర్హత ఉన్నదో లేదో తేల్చుకోండి

మన తెలుగువారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే, అందుకే దీన్ని అన్నిటికన్నా ముందు పెడుతున్నాను. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద అమెరికాలో ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. కొనడం ఒక్కటే తప్పు, స్నేహితుడి రైఫిల్‌ను రేంజ్‌లో నాలుగుసార్లు పేల్చడం తప్పు కాదని అనుకునేవారు ఉన్నారు. చేతిలోకి తీసుకోవడం కూడా కలిగి ఉండడం కిందికే రావచ్చు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు చట్టంలో ఉన్నాయి, కానీ వాటి మీద ఆధారపడే ముందు ఇమిగ్రేషన్ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదిని అడగడం తప్పనిసరి. ఇందులో పొరపాటు జరిగితే కేసుతో పాటు వీసా కూడా చిక్కుల్లో పడుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం లేదు. వారు మామూలు కొనుగోలుదారుల్లాగానే లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర 4473 ఫారం నింపి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాక రైఫిల్ తీసుకోవచ్చు.

దీని తర్వాత చూడవలసింది రాష్ట్ర చట్టం. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్, కనెక్టికట్, మేరీల్యాండ్ వంటి రాష్ట్రాల్లో సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతది దానంతట అదే ఎక్కేవి) మీద చాలాకాలంగా ఆంక్షలున్నాయి. ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాలు 2023లో ఆ వరుసలో చేరాయి. చేత్తో బోల్ట్ (తూటాను వెనుక నుంచి మూసి ఉంచే లోహపు కడ్డీ) లాగి పేల్చే పాత రైఫిళ్లు ఈ చట్టాల పరిధిలోకి సాధారణంగా రావు. మొదటి సైనిక రైఫిల్ బోల్ట్ రకానిది అయితే మేలని నేను చెప్పడానికి ఇదొక కారణం. అయినా మీ రాష్ట్రపు నిబంధనను మీరే చదివి చూసుకోండి, అమ్మేవాడి మాట మీద వదిలేయకండి.

రెండో మెట్టు: దిగుమతి నిబంధనలు మార్కెట్‌ను ఎలా మలిచాయో తెలుసుకోండి

ఏ రైఫిల్ దొరుకుతుంది, ఏది దొరకదు అన్నదాన్ని అమెరికా దిగుమతి చట్టాలే చాలావరకు నిర్ణయించాయి. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం విదేశీ సైన్యాల పాత ఆయుధాల దిగుమతిని ఆపివేసింది. 1984లో చేసిన సవరణ పురాతన, సేకరణ యోగ్య ఆయుధాల వర్గానికి మళ్లీ దారి తెరిచింది. దుకాణాల్లో కనిపించే సోవియట్, యుగోస్లావ్, స్విస్ రైఫిళ్లలో ఎక్కువ భాగం ఆ తర్వాత వచ్చినవే. అలా వచ్చిన ప్రతిదాని మీద దిగుమతి చేసిన సంస్థ పేరు, నమూనా, తూటా కొలత, తయారైన దేశం చెక్కి ఉండాలి. బ్యారెల్ మీద కనిపించే ఆ చిన్న అక్షరాలు సేకరణదారులకు నచ్చవు, దానివల్ల ధర కొంత తగ్గుతుంది. గురి సాధనకు కొనేవారికి మాత్రం ఆ తగ్గింపు లాభమే, ఎందుకంటే ఆ అక్షరాల వల్ల తూటా దూసుకుపోయే దారికి ఏ నష్టమూ లేదు.

1989లో విదేశీ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో క్రీడోపయోగం లేనివిగా భావించిన వాటి దిగుమతి ఆగిపోయింది. చైనా తుపాకుల దిగుమతి 1994లో నిలిచిపోయింది. ఏకే రైఫిళ్లు తయారు చేసే రష్యా కలష్నికోవ్ సంస్థ మీద 2014లో ఆంక్షలు వచ్చాయి. రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఇవ్వబోమన్న నిర్ణయం 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. 2010 ప్రాంతంలో వంద డాలర్ల లోపే దొరికిన రష్యా రైఫిల్ మోసిన్-నగాంట్ ఇవాళ ఆ ధరకు కనిపించకపోవడానికి, చవకగా రేకు డబ్బాల్లో వచ్చిన తూటాలు అరుదైపోవడానికి ఈ చరిత్రే మూలం. ఒకసారి ఆగిన సరుకు మళ్లీ వస్తుందని ఎదురుచూడడం మంచి ప్రణాళిక కాదు.

యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న ఆయుధాలకు సేకరణదారుల లైసెన్సు అనేదొకటి ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు దరఖాస్తు చేసుకోవచ్చు, మూడేళ్లకు రుసుము 30 డాలర్లు. అది ఉంటే అర్హమైన పాత రైఫిళ్లను మరొక రాష్ట్రం నుంచి నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు, అయితే వచ్చినదీ పోయినదీ పుస్తకంలో రాసి ఉంచాలి. ఒక్క రైఫిల్‌తో ఆగేవారికి ఇది అవసరం లేదు. రెండోదాని గురించి ఆలోచన మొదలైతే మాత్రం తీసుకోవడం మంచిది.

మూడో మెట్టు: తూటాను ఎంచుకోండి

ఏడాదిలో ఎన్ని తూటాలు పేలుస్తారో ముందు నిజాయితీగా లెక్క వేసుకోండి. నెలకు ఒకసారి రేంజ్‌కు వెళ్లి నలభై తూటాలు పేల్చినా, రెండేళ్లలో తూటాల ఖర్చు రైఫిల్ ధరను దాటిపోవచ్చు. కాబట్టి తూటా ధర, లభ్యత, భుజానికి తగిలే దెబ్బ, ఈ మూడింటినీ కలిపి చూడాలి.

సులభంగా దొరికే వాటిలో 7.62×39 ముందుంటుంది (మొదటి సంఖ్య తూటా ముందుండే గుండు వ్యాసం, రెండోది దాని వెనుక గొట్టం పొడవు, సుమారుగా మిల్లీమీటర్లలో). సోవియట్ ఎస్‌కెఎస్‌తో పాటు చాలా ఏకే తరహా రైఫిళ్లు దీన్నే తింటాయి, భుజం మీద దెబ్బ కూడా తక్కువ. స్వీడిష్ మౌజర్లకు వాడే 6.5×55ను వేటగాళ్లు ఇప్పటికీ ఇష్టపడతారు గనుక కొత్తది నిత్యం తయారవుతూనే ఉంటుంది. మృదువుగా పేలుతుంది, గురి చక్కగా నిలుస్తుంది. చిన్న శరీరం ఉన్నవారికి, కొత్తగా నేర్చుకునేవారికి నేను మొదట చెప్పేది దీన్నే. మోసిన్ తినే 7.62×54ఆర్, లీ-ఎన్‌ఫీల్డ్ తినే .303 బ్రిటిష్, జర్మన్ మౌజర్ల 7.92×57, స్విస్ 7.5×55, ఇవన్నీ సెర్బియాకు చెందిన ప్రవీ పార్టిజాన్ వంటి కర్మాగారాలు ఇప్పటికీ తయారు చేస్తున్నవే. 7.92 విషయంలో ఒక సంగతి గమనించాలి. ఆ పేరుతోనే పూర్వం 0.318 అంగుళాల గుండుకు చేసిన బ్యారెళ్లు కూడా ఉండేవి కాబట్టి, అమెరికా కర్మాగారాలు జాగ్రత్త కోసం ఆ తూటాను తక్కువ బలంతో నింపుతాయి. ఐరోపా సరుకు పూర్తి బలంతో వస్తుంది, దాని గుండు 0.323 అంగుళాలు. కొనబోయే రైఫిల్ ఏ కొలతదో తెలియకుండా ఐరోపా తూటా వేయకూడదు.

పాత సైనిక తూటాలు చవక అనిపించి కొనేముందు రెండు విషయాలు ఆలోచించండి. ఒకటి, వాటిలో చాలావాటి ప్రైమర్‌లో (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) ఉండే పొటాషియం క్లోరేట్ పేలాక ఉప్పుగా మారి బ్యారెల్ గోడలకు అంటుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, ఒకటి రెండు రోజుల్లో తుప్పు మొదలవుతుంది. దాన్ని నూనె కడగలేదు, ఉప్పును కరిగించేది నీళ్లే. అందుకే పేల్చిన రోజే వేడినీళ్లు బ్యారెల్ గుండా పోసి, పొడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత నూనె పూయాలి. రెండోది, అలాంటి తూటాల్లో కొన్నిటి గుండులో ఉక్కు ఉంటుంది. అయస్కాంతం అంటుకున్న తూటాను చాలా రేంజ్‌లు లోపలికి అనుమతించవు. కాబట్టి మీ రేంజ్ నియమం ముందే కనుక్కోండి.

నాలుగో మెట్టు: రకాలను దగ్గరగా చూడండి

మోసిన్-నగాంట్ 1891లో పుట్టి, 1891/30 రూపంలో తూలా, ఇజెవ్‌స్క్ కర్మాగారాల్లో లక్షల సంఖ్యలో తయారైంది. మోటుగా ఉంటుంది, విరగదు, లోపాలు బయటికే కనిపిస్తాయి. దీనిలో తెలుసుకోవలసిన విశేషం ఒకటుంది. 1891/30 రైఫిల్‌కు సోవియట్ సైన్యం బయొనెట్ (బ్యారెల్ మూతికి బిగించే కత్తి) తగిలించి ఉంచే గురి సరిచేసేది, అందువల్ల బయొనెట్ తీసి పేలిస్తే తూటాలు పక్కకు పడతాయి. కొన్నవారు రైఫిల్ చెడిందనుకుంటారు, నిజానికి ముందు సైట్‌ను, అంటే బ్యారెల్ కొసన ఉండే గురి పుల్లను కొంచెం జరిపితే సరిపోతుంది. పొట్టి ఎం44 కార్బైన్ చూడడానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాని చప్పుడూ మంటా పక్క బెంచీలవారిని కూడా ఉలిక్కిపడేలా చేస్తాయి, సాధనకు అది సరైన ఎంపిక కాదు. ఫిన్లాండ్ వారు అదే రిసీవర్‌కు (బోల్ట్ కదిలే లోహపు పెట్టె) తమ మంచి బ్యారెల్ అమర్చి చేసిన ఎం39 మాత్రం ధర ఎక్కువైనా ఆ ధరకు తగినది.

లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్ ఎంత సాఫీగా కదులుతుందో చేత్తో లాగి చూస్తేనే తెలుస్తుంది. మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టె) పది తూటాలు పడతాయి. నంబర్ 4 నమూనాకు వెనుక ఉండే చిల్లు సైట్ గురి సాధనకు బాగా ఉపయోగపడుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం 1960లలో ఇదే కుటుంబపు 2ఎ1ను 7.62 నాటో తూటాకు చేసింది. మన దేశంలో తయారైన రైఫిల్‌తో అమెరికా రేంజ్‌లో సాధన చేయడం నాకు ఎంతో నచ్చే విషయం. దానికి సైనిక కొలతల నాటో తూటాలే వాడాలనీ, వేట కోసం నింపిన బలమైన .308ను దూరంగా ఉంచాలనీ నా అభిప్రాయం. లీ-ఎన్‌ఫీల్డ్‌లలో డీపీ అన్న గుర్తు కనిపిస్తే అది కవాతు కోసం పక్కన పెట్టిన రైఫిల్ అని అర్థం, దాన్ని పేల్చకూడదు. జపాన్ అరిసాకాలలో శిక్షణ కోసం చేసిన నమూనాలూ అంతే. నిజమైన తూటాను తట్టుకునేలా వాటిని చేయలేదు.

స్విస్ కె31 గురించి కొంచెం ఎక్కువ చెప్పకుండా ఉండలేను. బోల్ట్‌ను తిప్పనక్కరలేదు, నేరుగా వెనక్కి లాగి ముందుకు నెడితే చాలు. ఆరు తూటాల మ్యాగజైన్ ఊడి వస్తుంది, ట్రిగ్గర్ శుభ్రంగా రెండు అంచెలుగా కదులుతుంది. స్విస్ సైన్యపు జీపీ11 తూటా ఆ ఉప్పు సమస్య లేనిది, చాలా రైఫిళ్లు దానితో 100 గజాల దగ్గర రెండు అంగుళాల లోపే గుంపు (తూటా రంధ్రాలన్నీ కలిసి పడే వెడల్పు) వేస్తాయి. చెక్క కింది భాగం మాత్రం తరచుగా గీతలు పడి, దెబ్బలు తిని ఉంటుంది. దాన్ని చూసి వదిలేయకండి, ఎందుకంటే లోపలి బ్యారెల్ చాలాసార్లు కొత్తదానిలా మెరుస్తుంది. నేను కొన్న కె31 వెనుక ఇనుప పలకకు ఉన్న రెండు స్క్రూలు విప్పినప్పుడు, మడతపెట్టిన చిన్న కాగితం ఒకటి చెక్కకు అతుక్కుని బయటపడింది. దాని మీద ఆ రైఫిల్‌ను మోసిన సైనికుడి పేరు, దళం టైపు చేసి ఉన్నాయి. చాలా కె31లలో ఈ కాగితం ఉంటుంది, స్క్రూడ్రైవర్ సరైన వెడల్పుది తీసుకుని మెల్లగా విప్పండి, చూసి మళ్లీ అక్కడే పెట్టండి.

స్వీడిష్ మౌజర్ ఎం/96కు చెక్క మీద గుండ్రటి ఇత్తడి బిళ్ల ఉంటుంది. ఆయుధ పరీక్షకులు బ్యారెల్ కొలతనూ అరుగుదలనూ దాని మీద నమోదు చేసేవారు. అయితే ఆ నమోదు సైన్యంలో ఉన్నప్పటిది, ఇప్పటి స్థితిని మీ కళ్లే చెప్పాలి. దీని వెనుక సైట్ 300 మీటర్ల నుంచి మొదలవుతుంది కాబట్టి 100 గజాల దగ్గర తూటా లక్ష్యానికి పైన తగులుతుంది. ఎత్తయిన ముందు సైట్ పుల్ల వేయించుకుంటే ఇబ్బంది తీరుతుంది.

సెమీ ఆటోమేటిక్ వైపు వెళ్లేవారికి ఎస్‌కెఎస్ మంచి మధ్యమార్గం. సిమోనోవ్ రూపొందించిన ఈ రైఫిల్‌కు పది తూటాల మ్యాగజైన్ శరీరంలోనే స్థిరంగా ఉంటుంది. యుగోస్లావ్ ఎం59/66లో బ్యారెల్ లోపల క్రోమ్ పూత లేదు కాబట్టి, దాన్ని తుప్పు విషయంలో మరింత నిశితంగా చూడాలి. ఏకే తరహాలో ఇప్పుడు కొత్తగా వస్తున్నవి ముఖ్యంగా సెర్బియా క్రాగుయెవాత్స్‌లో తయారయ్యే జాస్తావా జడ్‌పీఏపీ ఎం70, రుమేనియా కుగీర్‌లో తయారయ్యే డబ్ల్యూఏఎస్ఆర్-10. జాస్తావా రిసీవర్ రేకు 1.5 మిల్లీమీటర్ల మందం, బరువు కొంచెం ఎక్కువ, అందువల్ల దెబ్బ తక్కువగా అనిపిస్తుంది. ఏకే కొనేటప్పుడు వెనుక నుంచి చూసి ముందు సైట్ నిటారుగా ఉందో పక్కకు ఒరిగిందో గమనించండి, మ్యాగజైన్ పెట్టి కదిపి చూడండి, బ్యారెల్‌ను పట్టుకునే ట్రనియన్ అన్న దిమ్మ సాగగొట్టిన ఉక్కుదా పోత పోసినదా అడగండి. పోత పోసినదైతే నేను తీసుకోను.

ఈ దిగుమతి సెమీ ఆటోమేటిక్‌లకు 922(ఆర్) అన్న నిబంధన వర్తిస్తుంది. చట్టం పేర్కొన్న 20 రకాల భాగాల్లో 10కి మించి విదేశీవి ఉండేలా వీటిని కూర్చకూడదు. దుకాణంలో అమ్ముతున్నది ఆ లెక్కకు సరిపోయే వస్తుంది. ఇబ్బంది తర్వాత వస్తుంది, అమెరికా ట్రిగ్గర్ తీసేసి విదేశీది వేసినప్పుడు లెక్క తప్పుతుంది. అమెరికా మ్యాగజైన్ ఒక్కటే మూడు భాగాలుగా లెక్కకు వస్తుంది గనుక, దాని బదులు విదేశీ మ్యాగజైన్ వేసినా లెక్క మారవచ్చు. పాత ఎస్‌కెఎస్‌కు ప్లాస్టిక్ స్టాక్, ఊడే మ్యాగజైన్ అమర్చితే దాని పురాతన హోదా కూడా పోతుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టే వాడుకోండి.

అమెరికా సైన్యపు ఎం1 గరాండ్ నిజానికి దిగుమతి రైఫిల్ కాదు. విదేశాలకు సహాయంగా ఇచ్చి తిరిగి తెచ్చినవాటిని, పౌరుల్లో గురి సాధనను ప్రోత్సహించే సీఎంపీ సంస్థ అమ్ముతుంది. అమెరికా పౌరులై, అనుబంధ క్లబ్బు సభ్యత్వమూ షూటింగ్ అనుభవమూ చూపగలిగినవారు దిగుమతి సరుకు కన్నా ముందు అటు చూడడం మేలు.

ఐదో మెట్టు: బల్ల ముందు నిలబడి పరీక్షించండి

ఇక్కడ తొందరపడకూడదు. జేబులో సన్నని టార్చి, మీరు ఎంచుకున్న కొలతది ఒక డమ్మీ తూటా (పేలని నకలు), శుభ్రమైన గుడ్డముక్క ఉంచుకోండి. ముందుగా అమ్మేవారి అనుమతి తీసుకుని బోల్ట్ తెరిచి, చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు), మ్యాగజైన్ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి.

బోల్ట్ తీసేసి, చాంబర్ వైపు టార్చి పెట్టి, మూతి వైపు నుంచి చూడండి. లోపలి మెలికలు, అంటే రైఫ్లింగ్, అంచులు పదునుగా కనిపించాలి. లోపల నల్లగా ఉండడం దానంతట అది లోపం కాదు, చాలాసార్లు అది పాత మురికే. కానీ గోడల మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తే అది తుప్పు తిన్న చోటు. అక్కడక్కడ పలచగా ఉన్న గుంటలతో కూడా రైఫిల్ బాగా పేలవచ్చు, మూతి దగ్గర ఉంటే మాత్రం వదిలేయండి. ఉంగరంలా ఒక నీడ గొట్టం చుట్టూ కనిపిస్తే, లోపల ఏదో అడ్డుపడి ఉండగా పేల్చినందువల్ల బ్యారెల్ ఉబ్బిందని అర్థం. అలాంటిదాన్ని బల్ల మీద పెట్టేసి ముందుకు సాగండి.

మూతి విషయం నేను నష్టపోయి నేర్చుకున్నాను. నా మొదటి మోసిన్‌ను ఒక దుకాణంలో ముద్రలు చూసి, చెక్క మెరుపు చూసి తీసుకున్నాను. రేంజ్‌లో 100 గజాల దగ్గర అయిదు తూటాలూ అన్నం తినే కంచమంత వెడల్పున చెదిరిపోయాయి. మూడు వారాలు సైట్‌నూ తూటాలనూ మారుస్తూ తిరిగాక, ఒక పెద్దాయన రైఫిల్ తీసుకుని, తూటా మొనను బ్యారెల్ మూతిలోకి దించి చూపించారు. గుండు దాదాపు ఇత్తడి అంచు దాకా లోపలికి దిగిపోయింది. ఏళ్ల తరబడి సైనికులు ఉక్కు కడ్డీతో మూతి వైపు నుంచి శుభ్రం చేయడం వల్ల మూతి అరిగిపోయింది. ఆ పరీక్షకు పది సెకన్లు పడుతుంది. గుండుకూ ఇత్తడి అంచుకూ మధ్య స్పష్టమైన ఖాళీ మిగలాలి. కొన్ని సోవియట్ రైఫిళ్లకు కర్మాగారంలోనే అరిగిన మూతిని లోపలికి తొలిచి సరిచేశారు. అలాంటిచోట మెలికలు ఒకటి రెండు అంగుళాలు లోపలి నుంచి మొదలవుతాయి కాబట్టి ఈ పరీక్ష పనికిరాదు, కానీ అలా తొలిచినవి చాలాసార్లు బాగానే పేలతాయి.

ఆ తర్వాత బోల్ట్, రిసీవర్ మీది సంఖ్యలు పోల్చండి. ఒకే సంఖ్య ఉంటే అవి మొదటి నుంచీ కలిసి ఉన్నాయనే నమ్మకం పెరుగుతుంది, అయితే సోవియట్ మరమ్మతు కేంద్రాల్లో వేరే బోల్ట్‌కు కొత్తగా సంఖ్య చెక్కడం మామూలే కాబట్టి అదొక్కటే హామీ కాదు. సేఫ్టీ పరీక్ష మరవకండి. ఖాళీ రైఫిల్‌ను పేల్చడానికి సిద్ధంగా ఎక్కుపెట్టి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ నొక్కి వదిలి, తర్వాత సేఫ్టీ తీయండి, అప్పుడు ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ను పొడిచే సూది) దానంతట అది పడకూడదు. చెక్కను రిసీవర్ వెనుక, రీకాయిల్ దెబ్బ తగిలే చోట పగుళ్ల కోసం చూడండి.

ఆరో మెట్టు: తొలి తూటాకు ముందు

హెడ్‌స్పేస్ అంటే మూసిన బోల్ట్ ముఖానికీ, చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య ఉండే దూరం. అది ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి గొట్టం అడుగుభాగం సాగి, చీలి, వేడి వాయువు షూటర్ ముఖం వైపు తన్నుకు వస్తుంది. దీన్ని గేజిలతో కొలుస్తారు. గో గేజి మీద బోల్ట్ మూసుకోవాలి, ఫీల్డ్ గేజి మీద మూసుకోకూడదు. మధ్యలోని నో-గో మీద మూసుకుంటే జాగ్రత్త అవసరమని అర్థం. .303 వంటి అంచు ఉన్న తూటాల్లో ఈ దూరాన్ని అంచు మందాన్ని బట్టి చూస్తారు, సైన్యపు కొలతలు 0.064 నుంచి 0.074 అంగుళాల దాకా ఉండేవి. నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్‌లో 0 నుంచి 3 దాకా సంఖ్యలున్న బోల్ట్ తలలు ఉంటాయి, చిన్న తల తీసి పెద్దది బిగిస్తే దూరం తగ్గుతుంది. మీకు గేజిలు వాడిన అనుభవం లేకపోతే గన్‌స్మిత్ (తుపాకులు మరమ్మతు చేసే నిపుణుడు) దగ్గరికి తీసుకెళ్లండి. ఈ ఒక్క ఖర్చును ఆదా చేయాలని చూడకండి.

గోదాముల్లో దాచేటప్పుడు ఈ రైఫిళ్లకు కాస్మోలిన్ అనే చిక్కటి గ్రీజు పూసేవారు. లోహ భాగాలను విడదీసి మినరల్ స్పిరిట్‌తో కడగవచ్చు. చెక్కను నల్ల సంచిలో చుట్టి ఎండలో పెడితే, తేనెరంగు బొట్లు చెక్క రంధ్రాల్లోంచి చెమటలా ఊరి వస్తాయి. తుడిచి మళ్లీ పెట్టాలి, రెండు మూడు మధ్యాహ్నాలు పడుతుంది. మోసిన్ చాంబర్‌లో ఈ గ్రీజు మిగిలితే తూటా వేడెక్కగానే బోల్ట్ పట్టేస్తుంది, అరచేత్తో కొట్టి తెరవవలసి వస్తుంది. చాంబర్‌ను పెద్ద కంచు బ్రష్‌తో బాగా తోమితే చాలామందికి ఆ బాధ తీరుతుంది.

ఎస్‌కెఎస్‌లో ఇదే గ్రీజు ప్రమాదకరం. దాని ఫైరింగ్ పిన్ స్ప్రింగు లేకుండా బోల్ట్‌లో స్వేచ్ఛగా కదలాలి. గ్రీజు గట్టిపడి పిన్ ముందుకు పొడుచుకుని నిలిచిపోతే, ట్రిగ్గర్ తాకకుండానే తూటాలు వరసగా పేలిపోవచ్చు. బోల్ట్ విప్పి పూర్తిగా కడిగి, తిరిగి కూర్చాక చెవి దగ్గర పెట్టి ఊపండి, పిన్ టకటకమని అటూ ఇటూ కదిలే చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడు రాకపోతే రైఫిల్‌ను రేంజ్‌కు తీసుకెళ్లకండి. మొదటి రోజు మ్యాగజైన్‌లో రెండు తూటాలకు మించి పెట్టకండి.

ఏడో మెట్టు: రేంజ్‌లో మొదటి రోజు

కళ్లద్దాలు, చెవి రక్షణ రెండూ ఉండాలి, పైకప్పు ఉన్న బెంచీ దగ్గర చెవిలో పెట్టుకునే ప్లగ్గుల మీద చెవులను కప్పే మఫ్ కూడా పెట్టుకుంటే మంచిది. లక్ష్యాన్ని ముందు 25 గజాల దగ్గర పెట్టి, తూటా ఎక్కడ పడుతోందో తెలుసుకుని, తర్వాతే 100 గజాలకు జరపండి. ఇనుప సైట్లతో, మామూలు తూటాలతో 100 గజాల దగ్గర 3 నుంచి 4 అంగుళాల గుంపు వేసే రైఫిల్ మంచి సైనిక రైఫిల్. మొదటి రోజే అంతకన్నా ఆశించవద్దు. బ్యారెల్ వేడెక్కితే గుంపు విడిపోతుంది, అయిదేసి తూటాల మధ్య చల్లారనివ్వండి.

టెలిస్కోప్ కావాలనిపిస్తే రిసీవర్‌కు రంధ్రాలు చేయించకండి, తొలిచిన రైఫిల్ మళ్లీ అసలు రూపానికి రాదు, విలువా పడిపోతుంది. వెనుక సైట్ స్థానంలో బిగించే మౌంట్లు, కె31కు పక్కన పట్టుకునేవి దొరుకుతాయి.

మొదటి తూటా పేలగానే ఆ ఖాళీ ఇత్తడి గొట్టాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. ప్రైమర్ చుట్టూ నల్లటి మసి ఉన్నదా, ప్రైమర్ వెనక్కి ఉబ్బిందా చూడండి. ముఖ్యంగా అడుగు నుంచి అర అంగుళం లోపు ఒక మెరిసే ఉంగరంలాంటి గీత కనిపిస్తోందా గమనించండి, వేలిగోరు ఆ గీత దగ్గర తట్టుకుంటే లోహం అక్కడ సాగిందని అర్థం. ఆ గీత కనిపిస్తే రెండో తూటా వేయకుండా బోల్ట్ తెరిచి, రైఫిల్‌ను సంచిలో పెట్టి, ఆ ఖాళీ గొట్టాన్ని కూడా పారేయకుండా గన్‌స్మిత్‌కు చూపించండి.